చలికాలమున సైకిలు ప్రయాణము - పంచాయతీ బాధ్యత

పుష్యమాసమున పూసలు గ్రుచ్చుటకైనను ప్రొద్దు చాలదని మన పెద్దలు చెప్పుదురు. పగలు కుఱుచయై, రాత్రి దీర్ఘమై, తెల్లవారిన తరువాత గూడ మంచు విడువని ఆ దినములలో సైకిలు తీసి బాట పట్టవలెనా, వలదా యను ప్రశ్న మన పల్లెలలో అనేక గృహములందు పుట్టుచున్నది. పాలకేంద్రమునకు పాలు చేర్చువాడు ఈ ప్రశ్నను తనలో తాను వేసికొనును. పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలిక విషయమున దానిని తల్లిదండ్రులు వేసికొందురు. కోడికూతతో లేచి వీధులూడ్చుటకు వచ్చు మన పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడును దానిని వేసికొనకుండ ఉండజాలడు.

వీరిలో ఎవ్వరికిని సైకిలు వినోద వస్తువు కాదు. సైకిలు తీయనిచో పాలు కేంద్రమునకు చేరవు, పాఠము తప్పిపోవును, దినకూలి పోవును. తీసినచో, చీకటిలో వెనుకనుండి వచ్చు లారీకి తాము కనబడకపోవుదుమేమో యను భయము. ఈ రెండు నష్టములలో దేనిని తప్పించుకొనవలెనో ప్రతి కుటుంబము ఒంటరిగా నిర్ణయించుకొనుచున్నది. ఆ నిర్ణయములో ఒక పెద్ద భాగము పంచాయతీ చేతిలో నున్నదని మేము తలంచుచున్నాము. అది ఎట్లో ఈ పాఠమున పరిశీలింతము.

చలి యెంత, దాని బాధ యెంత

ముందుగా చలినే తూచి చూతము. తెలుగు ప్రాంతములలో చలి అంతటను ఒక్క తీరున ఉండదు. ఆదిలాబాదు ప్రాంతమున కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు చాల దిగువకు పోవును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి మన్యపు ఊళ్లలో అంతకంటెను హెచ్చు చలి. కృష్ణా, గోదావరి డెల్టాలలో చలి తక్కువే గాని, కాలువలపైనను వరిమళ్లపైనను లేచు మంచు హెచ్చు. నెల్లూరు తీరమున డిసెంబరు నెలవరకు ఈశాన్య ఋతుపవనపు వానలు వదలవు. కావున చలికాలమనగా ఒకచోట వణకు, ఒకచోట పొగమంచు, మఱియొకచోట బురద.

సైకిలు తొక్కువానికి ఎదురుగాలి వలన చలి ఇంకను హెచ్చుగా తోచుట సహజము. అయినను ఆ హెచ్చు మిక్కిలి పెద్దది కాదు. 10 డిగ్రీల చలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువానికి అది సుమారు 8 డిగ్రీల చలివలె తోచును. పది నిమిషములు తొక్కునప్పటికి దేహము తానే వెచ్చబడును. చేతివ్రేళ్లకు, చెవులకు, ఛాతీకి కప్పు ఉన్నచో ఆరోగ్యవంతునికి మన ప్రాంతపు చలి బాట మానవలసినంతటిది కాదు. చేతివ్రేళ్లు కొయ్యబారినచో బ్రేకు పట్టుట ఆలస్యమగును గనుక వానిని కాపాడుట మాత్రము ముఖ్యము.

ఉబ్బసము గలవారు, గుండెజబ్బు గలవారు, రక్తపుపోటునకు మందు వాడుచున్న వృద్ధులు ఈ లెక్కలో చేరరు. చల్లని గాలి ఉబ్బసమును రేపును. చలికి రక్తపుపోటు హెచ్చును. వారు వైద్యుని సలహా పొంది, ఎండ వచ్చిన తరువాతనే బయలుదేరుట మేలు.

మంచుదేశము నేర్పు పాఠము

చలియే సైకిలుకు శత్రువైనచో శీతల దేశములలో సైకిలు కనబడకూడదు. అట్లు కాదనుటకు ఫిన్లాండు దేశపు ఉత్తర భాగమున నున్న ఔలు నగరమే నిదర్శనము. అచ్చట జనవరి నెలలో సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 10 డిగ్రీలు. డిసెంబరు చివర పగటివెలుగు నాలుగు గంటలకు మించదు. నేల యంతయు నెలల తరబడి మంచుగడ్డ కప్పుకొని యుండును. అయినను బాలురు పాఠశాలకును, పెద్దలు పనికిని, వృద్ధులు అంగడికిని సైకిళ్లపై పోవుట అచ్చట ప్రతిదినము చూడదగిన దృశ్యము. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయ సభ 2013లో ఆ నగరముననే జరిగినది.

ఆ ప్రజలకు మనకంటె వేఱు రకపు దేహములు లేవు. వారి పురపాలక సంస్థ చేయు పనియే వేఱు. ఔలులో 800 కిలోమీటర్లకు పైబడిన నడకదారులు, సైకిలు దారులు ఉన్నవి. అవి అనేకచోట్ల మోటారు రోడ్డునకు వేఱుగా, కూడళ్లలో రోడ్డు క్రిందుగా పోవును. రాత్రి మంచు పడినచో ముఖ్యమైన దారులను జనులు పనులకు బయలుదేరకమునుపే యంత్రములతో చదును చేయుదురు. చక్రము జారకుండ సన్నకంకర చల్లుదురు. చీకటి దీర్ఘము గనుక దారి వెంట దీపములుంచుదురు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో గూడ మంచు పడిన దినమున ముఖ్యమైన సైకిలు దారులను మోటారు దారులకంటె ముందుగా శుభ్రపరచు ఆచారము కలదు.

ఇందు మనము గ్రహింపవలసిన సంగతి యొక్కటే. ఔలు పౌరుడు ఉదయము తలుపు తీసి సైకిలు తీయవలెనా యని యోచించునప్పటికే అతని స్థానిక సంస్థ అతనికి సగము సమాధానము చెప్పియుండును. మన పల్లెలో గూడ ఆ సగము సమాధానము పంచాయతీయే చెప్పవలెను. మనకు మంచుగడ్డలు తొలగించు పని లేదు. మన చలికాలపు చిక్కులు వేఱు. వానిని తొలగించు ఖర్చును అంత పెద్దది కాదు.

మన చలికాలపు చిక్కులు మూడు

మొదటిది చీకటి. హైదరాబాదు ప్రాంతమున జూన్ తొలిదినములలో సుమారు 5-40కి సూర్యుడుదయించును. జనవరి మధ్యలో అదే ఉదయము సుమారు 6-50కి. అనగా ఒక గంటకు మించిన తేడా. ఇందు మఱియొక విశేషము కలదు. మిక్కిలి చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీలలో వచ్చును గాని, మిక్కిలి తొందరగా ప్రొద్దు గ్రుంకుట నవంబరు చివరి దినములలోను, మిక్కిలి ఆలస్యముగా ప్రొద్దు పొడుచుట జనవరి మధ్యలోను జరుగును. కావున సాయంకాలపు చీకటికి నవంబరు మొదటనే సిద్ధపడవలెను. ఉదయపు చీకటి సంక్రాంతి దాటిన తరువాత గూడ కొన్ని వారములు పోదని గుర్తుంచుకొనవలెను.

రెండవది పొగమంచు. మబ్బులేని, గాలిలేని రాత్రులలో నేల తన వేడిని త్వరగా కోల్పోవును. నేలనంటిన గాలి చల్లబడి, అందలి తేమ సన్నని నీటిబిందువులై తేలును. అదియే పొగమంచు. అది తెల్లవారుజామున చిక్కబడి, సూర్యోదయ సమయమున మిక్కిలి దట్టమై, ఎండ తగిలిన ఒకటి రెండు గంటలలో సాధారణముగా విడిపోవును. చెఱువు కట్టలు, కాలువ గట్లు, తడిమళ్ల నడుమ నున్న పల్లపు రోడ్లు దానికి స్థానములు. ఊరిలో మంచు పలుచగా నున్నదని బయలుదేరినవానికి అర కిలోమీటరు దూరములో, చెఱువు మలుపున, తన ముందుచక్రము తప్ప మఱేమియు కనబడకపోవచ్చును.

మూడవది బాటమీది ధాన్యము. ఖరీఫు కోతలు ముగియు నవంబరు, డిసెంబరు నెలలలో మన రోడ్లపై సగము మేర వరి, మొక్కజొన్న ఆరబోయబడి యుండును. వాహనములు తొక్కకుండ అంచున రాళ్లు పేర్చుదురు. రాత్రివేళ తార్పాలిను కప్పుదురు. నల్లని రోడ్డుపై నల్లని తార్పాలిను, దాని ప్రక్క రాళ్లు చీకటిలో సైకిలువానికి కనబడవు. అతడు రాతికి తగిలి పడును. లేక దానిని తప్పించుటకు రోడ్డు నడిమికి వచ్చి ఎదురు వాహనమునకు చిక్కును. ఈ కాలముననే ప్రత్తి, చెఱకు బండ్లు, ట్రాక్టర్లు వెనుక దీపము లేకుండ తిరుగుట గూడ కలదు.

తొక్కువారు వేసికొనవలసిన ప్రశ్నలు

గ్రామసభలోను, పాఠశాలలోను సభ్యులు ప్రజలకు నేర్పదగిన ప్రశ్నలు మూడు. నాకు కనబడుచున్నదా? నేను కనబడుచున్నానా? నేను ఆపగలనా? ఈ మూడింటికిని అవునని చెప్పగలిగినవాడు బయలుదేరవచ్చును. ఒక్కదానికి కాదని వచ్చినను, ఆ లోపము తీరువరకు ఆగవలెను.

నాకు కనబడుచున్నదా యను ప్రశ్నకు కొలత కావలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు మోటారు వాహనము ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు ముందుకు వచ్చును. నడుపువాడు ప్రమాదమును చూచి, బ్రేకు వేసి, వాహనము నిలుచునప్పటికి పొడి రోడ్డుపైనను 35 మీటర్లకు తక్కువ పట్టదు. రోడ్డు తడిసియున్నచో ఇంకను హెచ్చు. కావున చూపు 50 మీటర్లు ఆననిచో పెద్ద రోడ్డుపైకి సైకిలు తీయరాదు. ఊరి చివర నిలిచి, 50 మీటర్ల దూరమున నున్న ఒక గుర్తును చూచుకొనుట సులభమైన పరీక్ష. ఆ గుర్తు కనబడనిచో ఆగవలెను. చాల దినములలో ఒక గంట ఆగిన చాలును. మంచు తానే విడిపోవును. బాటలో నుండగా మంచు క్రమ్మినచో సైకిలు దిగి, రోడ్డు అంచు విడిచి నడుచుట మంచిది.

నేను కనబడుచున్నానా యను ప్రశ్న మఱింత ముఖ్యము. ముందు తెల్లని దీపము, వెనుక ఎఱ్ఱని దీపము లేక రిఫ్లెక్టరు, పెడళ్లకు రిఫ్లెక్టర్లు తప్పక ఉండవలెను. రిఫ్లెక్టరు వాహనపు దీపకాంతిని తిరిగి వాహనము వైపునకే పంపును; దానిపై దుమ్ము పేరుకొన్నచో ఆ గుణము పోవును గనుక వారమునకొకమారు తుడువవలెను. చలికి కప్పుకొను నల్లని గొంగడి, ముదురురంగు శాలువ చీకటిలో కలిసిపోవును. వానిపైన తెల్లని చొక్కాయో, మెఱయు పట్టీలు గల పైకోటో ధరింపవలెను. శాలువ అంచు, చున్నీ కొంగు చక్రములో చిక్కకుండ ముడివేసికొనవలెను. దట్టమైన మంచులో దీపము గూడ కొలది దూరమే కనబడును గనుక అచ్చట బెల్లు నిరంతరము మ్రోగించుచుండుట అవసరము.

నేను ఆపగలనా యనునది యంత్రమునకు సంబంధించినది. మంచునీరు పట్టిన ఇనుప రిమ్ముపై బ్రేకు రబ్బరు జారును. పొడివేళ ఆగినంత దూరములో సైకిలు ఆగదు. కావున బయలుదేరిన వెంటనే రెండు మూడు పర్యాయములు బ్రేకులు మెల్లగా పట్టి రిమ్ముల తడి తుడువవలెను. అరిగిన రబ్బరులు కార్తికమాసముననే మార్చుకొనవలెను. చైనుకు పాత నూనె తుడిచి క్రొత్త నూనె చుక్కలు వేయవలెను. చలికి చక్రములలోని గాలి పీడనము కొంత తగ్గును గనుక పంపుతో సరిచూచుకొనవలెను. పాలక్యానులు మోయువారు బరువు రెండు ప్రక్కల సమముగా కట్టుకొనవలెను. బరువు హెచ్చిన కొలది సైకిలు నిలుపుటకు హెచ్చు దూరము కావలెనని మఱువరాదు.

చదువుకు సైకిలు ఎంత అవసరమో

పిల్లలను గూర్చి కొందఱు సభ్యులు, చలికాలమున సైకిలు మాన్పించినచో పోలేదా యని అడుగవచ్చును. అట్లు మాన్పించుట వలన పోవునది ఏమో తెలిసికొనుట అవసరము. బీహారు ప్రభుత్వము 2006లో 9వ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్లనిచ్చు పథకము ప్రారంభించినది. దాని ఫలితములను కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు పరిశోధించి 2017లో ప్రకటించిరి. ఆ పథకము వలన ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య సుమారు 32 శాతము హెచ్చినట్లు వారు తేల్చిరి. పాఠశాల 3 కిలోమీటర్లకు పైబడి దూరమున నున్న గ్రామములలో మేలు హెచ్చుగా కనబడినది. ఆ రాష్ట్రపు చలికాలమున పొగమంచు మనకంటె దట్టమని ఇచ్చట గుర్తుంచుకొనదగును.

కావున బాలికకు సైకిలనగా పాఠశాలయే. చీకటికి భయపడి తల్లిదండ్రులు సైకిలును మూలకు చేర్చిరేని, ఆ బాలిక చదువు గూడ దానితో మూలకు చేరు ప్రమాదము కలదు. చలికాలముననే ఈ ప్రమాదము హెచ్చు. మార్చి నెలలో వచ్చు పదవ తరగతి పరీక్షలకై పాఠశాలలలో ఉదయమున ముందుగాను, సాయంకాలమున ఆలస్యముగాను ప్రత్యేక తరగతులు నడుపుదురు. తెల్లవారకముందు బయలుదేరుట, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఇల్లు చేరుట అప్పుడే తటస్థించును. బాలుని సైకిలు ఆగదు. ముందుగా ఆగునది బాలిక సైకిలే. ఈ సంగతి ఏ పంచాయతీ సభ్యుడైనను తన వార్డులో విచారించి తెలిసికొనవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో రోడ్లు, మోరీలు, వంతెనలను చేర్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి చట్టమును, తెలంగాణలో 2018 నాటి చట్టమును అనుసరించి గ్రామ రోడ్ల పోషణయు, వీధిదీపములును పంచాయతీ బాధ్యతలే. కావున క్రింది పనులు మనకు క్రొత్తగా మోపబడిన భారము కాదు. ఉన్న బాధ్యతను కాలమెఱిగి నిర్వర్తించుట మాత్రమే.

1. ఆశ్వయుజ, కార్తిక మాసములలో ఒక తెల్లవారుజామున సభ్యులందఱు కలిసి ఊరినుండి పాఠశాల వఱకు, పాలకేంద్రము వఱకు నడచి రావలెను. పగటివేళ చూచిన రోడ్డు వేఱు, చీకటిలో చూచిన రోడ్డు వేఱు. ఏ దీపము వెలుగుట లేదో, ఏ మలుపున గుంట యున్నదో, ఏ కల్వర్టునకు పిట్టగోడ విఱిగినదో వ్రాసికొనవలెను.

2. ఆ పట్టికలో మొదటి స్థానము మలుపులకు, కల్వర్టులకు, కాలువగట్లకు ఇయ్యవలెను. ఊరినడుమ నాలుగు దీపములు హెచ్చించుటకంటె ఊరి చివరి మలుపున ఒక్క దీపముంచుట ఈ విషయమున హెచ్చు ఉపయోగకరము. కాలువగట్టు అంచున సున్నము కొట్టిన రాళ్లు వరుసగా పాతించినచో మంచులో అంచు తెలియును.

3. రోడ్డుపైకి వంగిన సర్కారుతుమ్మ కంపను కొట్టించి, ఆ కొమ్మలను దూరముగా తీసివేయింపవలెను. కొట్టి అక్కడనే వదలినచో ముండ్లు చక్రములకు గ్రుచ్చుకొని, చీకటిలో గాలి పోయిన సైకిలుతో బాలిక ఒంటరిగా నిలువవలసి వచ్చును.

4. ఊరు దాటుచోట, బయలుదేరు స్థలమునకు సరిగా 50 మీటర్ల దూరమున తెల్లని సున్నము కొట్టిన ఒక రాతిని నాటించి, దానికి చూపురాయి యని పేరు పెట్టవలెనని మా సూచన. రాయి కనబడినచో పోవలెను, కనబడనిచో ఆగవలెను అను నియమము చిన్నపిల్లలకు గూడ సులభముగా అర్థమగును. ఆగినవారు నిలుచుటకు దాపున ఒక పాక, ఒక దీపము ఉండవలెను.

5. మంచు దట్టముగా నున్న దినములలో ఆలస్యముగా వచ్చిన విద్యార్థులను శిక్షింపవలదనియు, సాయంకాలపు ప్రత్యేక తరగతులను చీకటి పడకమునుపే ముగింపవలెననియు ప్రధానోపాధ్యాయుని తీర్మానపూర్వకముగా కోరవలెను. ఆగిన బాలికకు దండన కలదన్నచో ఆమె ఆగదు. చూపురాయి నియమము వ్యర్థమగును. పాలకేంద్రపు వేళను గూర్చి గూడ ఇట్లే మాట్లాడవలెను.

6. పంచాయతీ తన పనివారి విషయమున ముందుగా ఆదర్శము చూపవలెను. మెఱయు పట్టీల పైకోట్లు, చేతితొడుగులు వారికి ఇయ్యవలెను. ఊడ్చుపనిని వెలుగు వచ్చిన తరువాత ప్రారంభింపనీయవలెను. 2019 తరువాత తెలంగాణలో గ్రామ పంచాయతీలు ట్రాక్టర్లను సమకూర్చుకొనినవి. పంచాయతీ ట్రాక్టరు, దాని ట్రాలీ, నీటి ట్యాంకరు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్లు లేనిచో ఇతరులకు చెప్పు అర్హత మనకు చాలదు.

7. రోడ్డు పంచాయతీది కాక రోడ్లు, భవనముల శాఖదో పంచాయతీరాజ్ ఇంజనీరింగు విభాగముదో అయినచో, ఏ కిలోమీటరురాయి వద్ద ఏమి లోపమో స్పష్టముగా వ్రాసి, తీర్మానప్రతిని ఆ కార్యాలయమునకు పంపి, రసీదు పొందవలెను. రోడ్లు బాగులేవని సామాన్యముగా వ్రాసిన ఉత్తరమునకంటె, ఫలాని మోరీ పిట్టగోడ విఱిగినదని వ్రాసిన ఉత్తరమునకు పని త్వరగా జరుగును.

ధాన్యము, బాట - రెండును మనవే

పై పనులలో చేర్చని పని యొకటి కలదు. అది అన్నిటికంటె కఠినము. రోడ్డుపై ధాన్యము ఆరబోయుట మాన్పుట యెట్లు?

రైతు సరదాకై రోడ్డుపై ధాన్యము పోయుట లేదు. యంత్రముతో కోసిన వరిలో తేమ హెచ్చు. కొనుగోలు కేంద్రములో 17 శాతము తేమకు మించిన ధాన్యమును తీసికొనరు. వెనుకటివలె ప్రతి రైతునకు కళ్లము లేదు; ఉన్న కళ్లము మంచుకు తడియు మట్టినేల. తారురోడ్డు ఎండకు త్వరగా వేడెక్కును గనుక గింజ త్వరగా ఆరును. మబ్బు పట్టినచో పంట యంతయు మొలకెత్తునను భయము వానిని తొందరపెట్టును. ఇట్టివానికి జరిమానా వేసెదమని దండోరా వేయించుట సులభమే గాని, చోటు చూపని దండోరా రెండు దినములకంటె ఎక్కువ నిలువదు. అంతేకాక, ఆ ధాన్యము పోసిన రైతు కుమార్తెయే మఱునాడు ఉదయము ఆ బాటన సైకిలుపై పోవును. ఇందు వైరిపక్షములు లేవు. ఒకే ఇంటి రెండు అవసరములు ఎదురెదురుగా నిలిచినవి.

కావున పంచాయతీ మొదట చోటు చూపవలెను. పాఠశాల మైదానము తప్ప మఱి యే బహిరంగ స్థలమున్నదో, ఏ గోదాము ముంగిట చదునైన గచ్చు కలదో, ఉమ్మడి కళ్లమునకు సిమెంటు నేల వేయించుటకు ఏ పద్దులో ధనము లభించునో కోతలకు రెండు నెలలు ముందుగానే చూడవలెను. అట్టి చోటు చాలనప్పుడు ఈ అయిదు నియమములనైన రైతులచే ఒప్పింపవలెను. రోడ్డునకు ఒక్క ప్రక్కనే పోయవలెను. మలుపునను, కల్వర్టుపైనను, పాఠశాల దారిలోను పోయరాదు. రాళ్లకు మాఱుగా గడ్డికట్టలు లేక ఇసుక సంచులు పెట్టవలెను. చీకటి పడకమునుపే ధాన్యమును కుప్పచేసి రోడ్డు దిగువకు చేర్చవలెను. అది సాధ్యపడనిచోట కుప్పకు రెండు కొనలయందు తెల్లని సంచి కట్టిన కఱ్ఱలు, రిఫ్లెక్టర్లు నిలుపవలెను. ధాన్యమెత్తిన తరువాత రోడ్డుపై ఒక్క రాయి మిగిలినను దానికి బాధ్యుడు రైతే యని అందఱి ఎదుట ఒప్పందము కావలెను.

ఈ నియమములను గ్రామసభలో రైతుల నోటనే చెప్పించుట మంచిది. ఎవరి ధాన్యము ఎచ్చట పోయవలెనో వరుస పెట్టుకొన్నచో తగవులు గూడ తగ్గును.

ముగింపు

చలికాలమున సైకిలు తొక్కవలెనా యను ప్రశ్నకు అందఱకు ఒక్క సమాధానము లేదు. ఆరోగ్యవంతుడు, దీపము గలవాడు, బ్రేకు సరిచూచుకొన్నవాడు, చూపు ఆనిన దినమున నిర్భయముగా పోవచ్చును. మంచు దట్టమైన దినమున ఒక గంట ఆగుట పిఱికితనము కాదు. దీపములేని సైకిలుతో చీకటిలో పెద్ద రోడ్డెక్కుట మాత్రము ఎంత తొందరయైనను తగదు. ఈ మాటలు ప్రతి ఇంటికి చేర్చుట సభ్యుల కర్తవ్యము.

అయినను చెప్పుటతో మన పని తీరదు. దీపము వెలుగని మలుపున నిలిచి, జాగ్రత్తగా పోవలెనని పిల్లలకు బోధించు పంచాయతీ తన భారమును పిల్లలపై మోపుచున్నది. ఔలు నగరములో మంచు పడిన రాత్రి యంత్రము నడుపు పనివాడు ఎవ్వరికిని సైకిలు తొక్కుమని చెప్పడు. బాట సిద్ధము చేయును. ప్రజలు తామే బయలుదేరుదురు. మన ఊరి బాట సిద్ధమైనచో మన బాలికలును అట్లే బయలుదేరుదురు.

పంచాయతీ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరినుండి తెల్లవారకముందు సైకిలుపై పోవువారు ఎందఱు? ఎచ్చటికి, ఏ పనికి పోవుచున్నారు?

2. గడచిన చలికాలమున చీకటికి, మంచుకు భయపడి పాఠశాల మానిన, లేక ప్రత్యేక తరగతులు విడిచిన బాలికలు ఏ వార్డులో నున్నారు?

3. పాఠశాల దారిలో మొదట బాగుచేయవలసిన మూడు స్థలములు ఏవి? అవి ఎవరి అధీనములో నున్నవి?

4. చూపురాయి నాటుటకు తగిన చోటు ఏది? ఆగినవారు నిలుచుటకు ఏ ఏర్పాటు చేయగలము?

5. రాబోవు కోతలకు ఉమ్మడి కళ్లముగా వాడదగిన స్థలమేది? దానిని ఏ నెలలోపల సిద్ధము చేయవలెను? ఆ పని ఏ సభ్యునికి అప్పగింపబడినది?